కోటలో అందరూ నవ్విన మాట: కాఫుర్, కొజ్జా, అసలు చరిత్ర

ఓరుగల్లు_కోడలు
పోయిన ఆదివారం మా ఆడపడుచు పిల్లల్ని తీసుకుని వరంగల్ కోటకి వెళ్లాను. తోరణాల దగ్గర ఒకాయన పదిమందిని నిలబెట్టి చరిత్ర చెబుతున్నాడు. బాగానే చెబుతున్నాడు. ప్రతాపరుద్రుడి మీదకి ఢిల్లీ నుంచి వచ్చిన సేనాపతి మాలిక్ కాఫుర్ పేరు రాగానే గొంతు తగ్గించి, "వాడు కొజ్జావాడు లెండి" అని కన్ను గీటాడు. అందరూ పగలబడి నవ్వారు. మా పదకొండేళ్ల మేనల్లుడూ నవ్వాడు. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో "అత్తా, కొజ్జా అంటే ఏంటి?" అన్నాడు.

అర్థం నాకు తెలుసు. పిల్లాడికి ఎలా చెప్పాలో తెలియలేదు. ఇంటికొచ్చాక రాత్రంతా అదే ఆలోచన. ఎవరో ఒక పసివాణ్ణి పట్టుకుని మగతనం కోసేశారు. ఏడొందల ఏళ్ల తర్వాత మనం నవ్వుతున్నది ఆ కోయించుకున్నవాణ్ణి చూసి. కోసినవాణ్ణి చూసి ఎవరూ నవ్వరు, తిట్టరు కూడా. ఇదెక్కడి న్యాయం?

తెలిసినవాళ్లు చెప్పండి. రాజులు ఎందుకు చేయించేవారు ఈ పని? మన దేశంలోనేనా, అన్ని చోట్లా ఉందా? కాఫుర్ గురించి గట్టిగా తెలిసిందెంత?

రాతికోట
కాఫుర్ సంగతి నేను చెబుతా. 1299లో అలాఉద్దీన్ ఖిల్జీ సైన్యం గుజరాత్ మీద పడింది. అప్పుడు ఇతను ఖంభాత్ రేవులో ఒక డబ్బున్న వర్తకుడి బానిస. నుస్రత్ ఖాన్ అతన్ని లాక్కుని ఢిల్లీకి పట్టుకుపోయాడు. వెయ్యి దీనార్ల బానిస అని 'హజార్ దీనారీ' అనే పేరుంది. పదేళ్లు తిరక్కుండా సేనాపతి అయ్యాడు.

1309 అక్టోబరు చివర్లో ఢిల్లీ నుంచి బయల్దేరి 1310 జనవరికి ఓరుగల్లు ముందు దిగాడు. 1303లో ఇదే ఓరుగల్లు మీదకి వచ్చిన ఢిల్లీ సైన్యం దెబ్బతిని వెనక్కి పోయింది, అది గుర్తుపెట్టుకోండి. ఈసారి బయటి మట్టికోట పడిపోయింది. లోపలి రాతికోటలో ఉన్న ప్రతాపరుద్రుడు సంధికి ఒప్పుకున్నాడు. మెడలో గొలుసు వేసిన తన బంగారు బొమ్మని పంపాడని అమీర్ ఖుస్రో రాశాడు. ఖుస్రో సుల్తాను కొలువులో కవి కాబట్టి ఆ గొలుసుని ఎంత నమ్మాలో మీ ఇష్టం. ఆ మరుసటి ఏడాది ద్వారసముద్రం, అక్కణ్ణుంచి తమిళదేశంలో మధురై దాకా పోయాడు.

1316లో సుల్తాను చనిపోయాక ఆరేళ్ల పిల్లాణ్ణి గద్దె మీద కూర్చోబెట్టి తనే పాలించబోయాడు. పెద్ద కొడుకుల కళ్లు పొడిపించాడు. నెల దాటి నాలుగు రోజులో అయిదు రోజులో, అంతే. అంగరక్షకులే నరికేశారు.

ఒక సవరణ. పసివాడని మీరు రాశారు. ఖంభాత్‌లో పట్టుబడేనాటికే అతను యువకుడు. ఏ వయసులో ఆ పని జరిగిందో అప్పటివాళ్లు రాయలేదు.

ఓరుగల్లు_కోడలు
సవరణ ఒప్పుకుంటున్నా. కళ్లు పొడిపించాడంటే అతను మంచివాడని నేను అనను. కానీ కోటలో జనం నవ్వింది అతని క్రూరత్వానికి కాదు కదా.

గోదారిగట్టు
కాఫుర్ అంటే కర్పూరం కదా? హిందీలో కపూర్ అంటాం, అదేనా?

ఫార్సీ_మాస్టారు
అదే. ఫార్సీలో కాఫూర్ అంటే కర్పూరం. అంతఃపురాల్లో పనిచేసే ఇలాంటి బానిసలకి సుగంధాల పేర్లు, రత్నాల పేర్లు పెట్టేవారు. కాఫూర్, అంబర్, యాకూత్ అంటే కెంపు, అల్మాస్ అంటే వజ్రం, జవాహర్. పుట్టినప్పుడు అమ్మానాన్నలు పెట్టిన పేరు పోయేది. కొన్నవాడు పెట్టెలో దాచుకునే వస్తువు పేరు వచ్చేది.

ఇంకో మాట. 'కొజ్జా' అని మనం తిట్టుకి వాడుతున్నది అసలు గౌరవ పదం. ఖ్వాజా అంటే దొర, పెద్దాయన. అజ్మీర్‌లో ఖ్వాజా మొయినుద్దీన్ చిష్తీ అంటామే, ఆ ఖ్వాజానే. అంతఃపురం బాధ్యత చూసే ఉద్యోగిని ఖ్వాజాసరా అనేవారు. అది ఖోజా అయింది, మన నోట్లో కొజ్జా అయింది. దొర అనే మాట తిట్టుగా మారడానికి నాలుగు వందల ఏళ్లు పట్టి ఉండదు.

గోదారిగట్టు
ముప్పై ఏళ్లుగా ఈ మాట వింటున్నాను, వాడాను కూడా. కాలేజీలో ఒక అబ్బాయిని అలాగే పిలిచేవాళ్లం. వాడిప్పుడు ఎక్కడున్నాడో.

శ్రీశైలం_శీను
ఇదంతా తురకలు తెచ్చిన దరిద్రం. అంతకుముందు మన దగ్గర లేదు.

తిక్కన_అభిమాని
శీనూ, ఆ మాట నిలవదు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో అంతఃపురం కాపలాకి ఎవరిని పెట్టాలో చెప్పినచోట వర్షధరులు, అంటే నపుంసకులు, ఉన్నారు. సంస్కృత నాటకాల్లో కంచుకి పక్కన వర్షవరుడు వస్తాడు. మన తెలుగులో పేడి అనే పాత మాట ఉంది. విరాటుడి కొలువులో బృహన్నల ఎవరు మరి? అయితే అర్జునుడిది ఊర్వశి శాపం, ఏడాదితో తీరిపోయింది. కత్తితో చేసిన పనికి గడువు లేదు. విజయనగరం వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు పేస్ రాతల్లో కూడా రాణివాసం దగ్గర ఇలాంటివాళ్లు కనబడతారు. అక్కడ ఏలింది కృష్ణరాయలు.

ఫార్సీ_మాస్టారు
పైగా ఆపమని చెప్పినవాళ్లలో మొఘల్ చక్రవర్తి ఉన్నాడు. బెంగాల్‌లో సిల్హట్ వైపు పన్ను కట్టలేక కొడుకుల్ని ఇలా చేయించి అధికారులకి ఇచ్చే ఆచారం ఉందని జహంగీరే తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. ఇకమీద చేయకూడదని హుకుం జారీ చేశాడు. ఆగిందా అంటే ఆగలేదు. ఆయన అంతఃపురానికి కూడా వాళ్లు కావాలి కదా. కొనేవాడు ఉన్నంతకాలం కోసేవాడు ఉంటాడు.

శ్రీశైలం_శీను
సరే, తెలియక అన్నాను. జహంగీర్ సంగతి నాకు కొత్త. పన్ను బదులు కొడుకా? చదవగానే కడుపులో దేవినట్టయింది.

రాతికోట
"ఎందుకు చేయించేవారు" అన్న ప్రశ్నకి ఎవరూ జవాబివ్వలేదు. రాణివాసం కాపలా అనేది అందరికీ తెలిసిన కారణం. అంతకంటే పెద్దది నమ్మకం. రాజుకి మంత్రి మీద భయం, సేనాపతి మీద భయం. వాళ్లకి కొడుకులుంటారు, కొడుకుల కోసం గద్దె మీద కన్నేస్తారు. పిల్లలు పుట్టనివాడికి, ఊరూ పేరూ లేనివాడికి రాజు తప్ప దిక్కు లేదని లెక్క. కాన్‌స్టాంటినోపుల్ చక్రవర్తులూ, చైనా చక్రవర్తులూ, ఇస్తాంబుల్ సుల్తానులూ అందరూ ఇదే లెక్క వేసుకున్నారు.

న్యూజెర్సీ_నాని
ఆ లెక్క తప్పిందిగా అన్నా? నువ్వే రాశావు, కాఫుర్ గద్దె మీదకే పోయాడని. ఇరాన్‌లో ఆగా మొహమ్మద్ ఖాన్ సంగతి చూడు. ఆరేళ్ల వయసులో శత్రువులు పట్టుకుని, ఇక వంశం నిలబడకూడదని కోయించారు. అతనే పెద్దయ్యి దేశమంతా గెలిచి ఖజార్ వంశం స్థాపించాడు, టెహ్రాన్‌ని రాజధాని చేశాడు, 1796లో కిరీటం పెట్టుకున్నాడు. తర్వాత గద్దె అన్న కొడుకుది అయింది.

రాతికోట
అన్న కొడుకు కాదు, తమ్ముడి కొడుకు. మిగతాదంతా నిజం. నార్సెస్‌ని కూడా కలుపుకో. కాన్‌స్టాంటినోపుల్ చక్రవర్తి జస్టీనియన్ కొలువులో ఖజానా చూసే నపుంసకుడు. డెబ్బై దాటిన వయసులో సైన్యం తీసుకుని ఇటలీ వెళ్లి 552లో గోత్‌ల రాజు టోటిలాని ఓడించాడు.

అదే జస్టీనియన్ 558లో ఈ పని మీద గట్టి చట్టం చేశాడు. అందులో ఒక మాట ఉంది, చదివాక పుస్తకం మూసేశాను. తొంభైమందికి చేస్తే ముగ్గురు కూడా బతకడం కష్టంగా ఉందని రాశారు. తొంభైకి ముగ్గురు. చరిత్రలో మనకి పేరు తెలిసిన ప్రతి ఒక్కడి వెనకా ఎంతమంది పిల్లలు పోయారో లెక్క వేసుకోండి.

సాలూరు_సుధ
తొంభైకి ముగ్గురు!

బీజింగ్‌లో_బెజవాడ
నేను ఆరేళ్లుగా ఇక్కడ ఉద్యోగం చేస్తున్నాను. రాజప్రాసాదం నాలుగైదు సార్లు చూశాను, ఇంటి నుంచి ఎవరొచ్చినా మొదట అక్కడికే తీసుకెళ్లాలి కదా. మొన్నటిదాకా నాకు అవి గోడలు, పైకప్పులే. సున్ యావోటింగ్ కథ తెలిశాక ఆ గుమ్మాలు దాటుతుంటే కాళ్లు బరువెక్కాయి.

ఈయన చైనా ఆఖరి రాజనపుంసకుడు. 1902లో పుట్టాడు, కటిక పేదరికం. కొలువులో చేరితే ఇల్లు గట్టెక్కుతుందని 1911లో కన్నతండ్రే మంగలి కత్తి తీసుకుని ఇంట్లో, మట్టి గోడల గదిలో, మంచం మీద పడుకోబెట్టి కోశాడు. అప్పటికి ఎనిమిదేళ్లు. మత్తు లేదు. మూడు రోజులు స్పృహ లేదు. రెండు నెలలు కదల్లేకపోయాడు. నడవగలిగేసరికి వార్త వచ్చింది, చక్రవర్తి గద్దె దిగిపోయాడని. ఎందుకోసం కోశారో ఆ ఉద్యోగమే లేదు. తండ్రి గుండెలు బాదుకున్నాడట.

తర్వాత ఎలాగో లోపలికి చేరాడు, ఎందుకంటే గద్దె దిగిన పు యీని కొన్నేళ్లు ఆ ప్రాసాదంలోనే ఉండనిచ్చారు. ఆయన భార్య వాన్‌రోంగ్ దగ్గర పనిచేశాడు. 1923లో లోపల ఒక భవనం తగలబడింది. దొంగతనాలు కప్పిపుచ్చుకోవడానికి వీళ్లే తగలబెట్టారని అనుమానపడి పు యీ దాదాపు అందర్నీ బయటికి గెంటేశాడు.

వాళ్ల ఆచారం ఒకటుంది. కోసిన భాగాన్ని పారేయరు, భద్రంగా జాడీలో దాస్తారు. చచ్చిపోయినప్పుడు ఒంటితో కలిపి పూడ్చాలి, అప్పుడే పై లోకానికి నిండు మనిషిగా పోతాడని నమ్మకం. దాన్ని 'పావ్' అంటారు, నిధి అని అర్థం. సున్‌ది కూడా ఇంట్లో దాచారు. సాంస్కృతిక విప్లవం రోజుల్లో పాత రాజుల కాలం గుర్తులు ఇంట్లో దొరికితే ప్రాణాల మీదకి వస్తుందని ఇంటివాళ్లే దాన్ని పారేశారు. ఆయన 1996 డిసెంబరులో బీజింగ్‌లో ఒక గుడిలో చనిపోయాడు. 1996 అంటే నేను నాలుగో తరగతి.

సాలూరు_సుధ
ఆ తండ్రి మీద కోపం రావడం లేదు నాకు. అదే బాధగా ఉంది.

తిక్కన_అభిమాని
చైనా అనగానే సీమా చియాన్ గుర్తొస్తాడు. క్రీస్తుకి ముందు 99 ప్రాంతంలో ఓడిపోయిన ఒక సేనాని తరఫున రెండు మాటలు మాట్లాడినందుకు చక్రవర్తికి కోపం వచ్చింది. పరువున్నవాడు ఆత్మహత్య చేసుకునేవాడు, లేదంటే కోత శిక్ష. తండ్రి మొదలుపెట్టిన చరిత్ర గ్రంథం సగంలో ఉంది. పూర్తి చేయడం కోసం కోతకి ఒప్పుకున్నాడు. ఆ అవమానం తలుచుకుంటే వీపు మీద చెమట పట్టి బట్టలు తడిసిపోతాయని ఒక స్నేహితుడికి ఉత్తరం రాశాడు. గ్రంథం పూర్తి చేశాడు. చైనా చరిత్రకి ఈ రోజుకీ అదే పునాది. ఆయన కంటే మగతనం ఉన్న రచయిత ఎవరో చెప్పండి.

బీజింగ్‌లో_బెజవాడ
కాగితం తయారీని 105లో చక్రవర్తికి చూపించిన త్సాయ్ లున్ కూడా కొలువు నపుంసకుడే. ఏడుసార్లు ఓడల దండుతో హిందూ మహాసముద్రం తిరిగిన జెంగ్ హే కూడా. యునాన్‌లో ముస్లిం ఇంట పుట్టాడు, మింగ్ సైన్యం ఆ రాజ్యం గెలిచినప్పుడు పిల్లాడు, పట్టుకుపోయి కోశారు. 1405 నుంచి ఆ ప్రయాణాలు. మన కోళికోడ్‌కి వచ్చాడు. శ్రీలంకలో గాల్ దగ్గర దొరికిన ఆయన శిలాశాసనం మీద చైనీస్, తమిళం, ఫార్సీ మూడు భాషలున్నాయి.

పశువుల_డాక్టరు_రిటైర్డ్
ముప్పై రెండేళ్లు పశువైద్యశాలలో చేశాను కాబట్టి చెబుతున్నా, ఎవరూ అపార్థం చేసుకోవద్దు. మనిషికి ఈ ఆలోచన వచ్చింది పశువుల కొట్టంలోనే అని నా నమ్మకం. ఎద్దు అంటేనే విత్తు కొట్టిన పశువు, కొట్టనిది ఆబోతు. మేం ఉద్యోగంలో చేరిన కొత్తలో పల్లెల్లో పాత పద్ధతి ఇంకా ఉండేది. కోడెని పడేసి నాలుగు కాళ్లూ కట్టి, రెండు వెదురు బద్దల మధ్య పట్టించి రాయితోనో కొయ్యసుత్తితోనో నలగ్గొట్టేవారు. ఆ అరుపు ఊరి చివరికి వినబడేది. తర్వాత బర్డిజో పట్టకారు వచ్చింది. అది చర్మం తెగకుండా లోపలి నాళాన్ని నొక్కేస్తుంది. రక్తం రాదు, పుండు పడదు. నేను రోజుకి పది, పన్నెండు చేసిన రోజులున్నాయి.

కొట్టిన తర్వాత కోడె ఎలా మారుతుందో నెలనెలా చూశాను. మెడ సన్నబడుతుంది, మూపురం పెరగడం తగ్గుతుంది, కొమ్ములు విసరడం మానేస్తుంది. కాడి కిందకి తల పెడుతుంది. రాజులకి కావలసిందీ అదే. రాతికోట గారు రాసిన "నమ్మకం" అంటే నాకు అర్థమయింది ఇదే.

కరీంనగర్_కావ్య
డాక్టర్ గారూ, మనుషుల్ని ఎడ్లతో పోల్చడం నాకు నచ్చలేదు. సీమా చియాన్ తల వంచలేదు. నార్సెస్ తల వంచలేదు.

పశువుల_డాక్టరు_రిటైర్డ్
నిజమే తల్లీ. చేయించినవాళ్లు అలా చూశారని నా ఉద్దేశం. వాళ్ల లెక్క తప్పిందని న్యూజెర్సీ తమ్ముడు ముందే రాశాడు. మనిషి లొంగేది ఒంట్లో రసాలు తగ్గినందుకు కాదు.

హైటెక్_హరి
వీళ్లు ఎక్కువకాలం బతికేవారని ఎక్కడో చదివాను. అదే నిజమైతే నేను రేపే రెడీ 😄

చర్చ_నిర్వాహకురాలు
హరి గారూ, ఈ చర్చలో ఇలాంటి జోకులు వద్దు. దీని కింద వచ్చిన ఇంకో రెండు వ్యాఖ్యలు తీసేశాను.

నర్సు_నాగమణి
చదివింది నిజమే. కొరియాలో జోసన్ రాజుల కొలువులో నపుంసకులు పెళ్లి చేసుకుని పిల్లల్ని దత్తత తీసుకునేవారు, వంశవృక్షాలు రాసుకునేవారు. ఆ వంశవృక్షాల్లోంచి 81 మంది ఆయుర్దాయం లెక్కగట్టి 2012లో పరిశోధకులు ప్రచురించారు. సగటు 70 ఏళ్లు. అదే స్థాయి కుటుంబాల మగవాళ్ల కంటే 14 నుంచి 19 ఏళ్లు ఎక్కువ. ముగ్గురు వందేళ్లు దాటారు.

కానీ ఆ 81 మంది బతికి బట్టకట్టినవాళ్లు. గాయం దగ్గరే పోయిన పిల్లలు ఏ వంశవృక్షంలోనూ ఉండరు. పైగా చిన్నప్పుడే చేస్తే ఎముకల చివర్లు మూసుకోవడం ఆలస్యమై కాళ్లూ చేతులూ సాగిపోతాయి, పెద్దయ్యాక ఎముకలు గుల్లబారతాయి. హరి గారికి కోపంగా చెప్పడం లేదు, తెలియాలని రాస్తున్నా.

హైటెక్_హరి
సారీ. ఆలోచించకుండా రాశాను.

రాగమాలిక
నాగమణి గారు రాసినట్టు చిన్నప్పుడే చేస్తే ఎముకలు సాగి ఛాతీ పెద్దదవుతుంది, గొంతు మాత్రం మారదు. ఆ గొంతు కోసమే ఇటలీలో పిల్లల్ని కోశారు. సంగీతం కోసం! నేను పదిహేనేళ్లుగా పాట నేర్పుతున్నాను, ఇది చదివిన రోజు క్లాసు చెప్పలేకపోయాను. చర్చిలో ఆడవాళ్లు పాడకూడదు. పైస్థాయి గొంతు కావాలి. గొంతు మారకముందే అబ్బాయిని కోస్తే చిన్నపిల్లాడి స్వరపేటిక, పెద్దవాడి ఊపిరితిత్తులు ఒకే మనిషిలో ఉంటాయి. పేద తల్లిదండ్రులు ఒక కొడుకుని ఇచ్చేవారు. వేలమందిలో ఏ ఒక్కరో ఫారినెల్లి అయ్యారు. 1737లో స్పెయిన్ వెళ్లి మనోవ్యాధితో మంచం పట్టిన రాజు ఐదో ఫిలిప్‌కి రాత్రిళ్లు పాడి వినిపించాడు. మిగతావాళ్లు గొంతు రాక, ఇంటికి పోలేక ఏమయ్యారో.

చట్టం ప్రకారం నేరం, చర్చి ప్రకారం పాపం. అందుకని పంది కుమ్మిందనీ గుర్రం మీంచి పడ్డాడనీ చెప్పుకునేవారు. 1770లో చార్లెస్ బర్నీ అనే ఇంగ్లీషు సంగీత పండితుడు ఇటలీ అంతా తిరిగి ఎక్కడ చేస్తారని ఆరా తీశాడు. మిలాన్‌లో అడిగితే వెనిస్ అన్నారు. వెనిస్‌లో బొలోన్యా అన్నారు. అక్కడ ఫ్లోరెన్స్, అక్కడ రోమ్, అక్కడ నేపుల్స్. అందరూ పక్క ఊరి వైపే వేలు చూపించారు.

ఆఖరివాడు అలెస్సాండ్రో మొరెస్కీ. 1902లో, 1904లో ఆయన పాట రికార్డు చేశారు, ఇప్పటికీ వినొచ్చు. నేను చీకట్లో ఒంటరిగా విన్నాను. మొదట నచ్చలేదు, గొంతు వణుకుతుంది, కొన్నిచోట్ల శ్రుతి జారుతుంది. రెండోసారి విన్నప్పుడు ఒకచోట స్వరం పైకి ఎక్కుతూ ఏడుపులా విరిగింది. ఆపేశాను. మూడోసారి వినలేదు.

బైబిలు_బాబూరావు
చర్చి పేరు వచ్చింది కాబట్టి. ద్వితీయోపదేశకాండంలో ఇలాంటివాళ్లు సమాజంలోకి రాకూడదని ఉంది. కానీ యెషయా 56లో దేవుడు వాళ్లకి కొడుకుల కంటే కూతుళ్ల కంటే శ్రేష్ఠమైన పేరు ఇస్తానంటాడు. అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయంలో ఐతియొపీయ రాణి కందాకే ఖజానా చూసే నపుంసకుడు రథంలో కూర్చుని చదువుకుంటున్నది ఆ యెషయా గ్రంథమే. ఫిలిప్పు ఎక్కి పక్కన కూర్చుని వివరించాడు. దారిలో నీళ్లు కనబడితే "బాప్తిస్మం తీసుకోవడానికి నాకేం అడ్డు?" అని అడిగాడు. ఏ అడ్డూ లేదని ఇద్దరూ నీళ్లలోకి దిగారు. మా ఊరి చర్చిలో ఈ భాగం మీద ఇన్నేళ్లలో పదిసార్లు ప్రసంగం విన్నాను. అతను ఎవరో ఒక్క పాస్టరూ విడమరిచి చెప్పలేదు, 'మంత్రి' అని దాటేస్తారు.

పేరు_వద్దు_1972
ఇది ఎక్కడా చెప్పలేదు. ఇక్కడ మిమ్మల్నందర్నీ చదివాక చెప్పాలనిపించింది.

మా నాన్నకి ప్రోస్టేట్ క్యాన్సర్. వెన్నెముకకి పాకాక తెలిసింది. మగ హార్మోను తగ్గిస్తే ఆ క్యాన్సర్ వెనక్కి తగ్గుతుందని డాక్టరు చెప్పారు. దానికి మూడు నెలలకోసారి సూది ఉంది, మా స్తోమతకి ఎక్కువ. లేదంటే చిన్న ఆపరేషన్, వృషణాలు తీసేస్తారు. 1941లో హగ్గిన్స్ అనే డాక్టరు ఈ సంబంధం కనిపెట్టి తర్వాత నోబెల్ తీసుకున్నాడని అప్పుడు నాకు తెలియదు. నాకు తెలిసింది నాన్నకి ఈ మాట నేనే చెప్పాలని.

చెప్పాను. నాన్న మాట్లాడలేదు. తువ్వాలు మడతపెట్టి విప్పి మళ్లీ మడతపెట్టాడు. తర్వాత "ఊళ్లో ఎవరికీ చెప్పకు" అన్నాడు. అంతే. ఆపరేషన్ అరగంట కూడా పట్టలేదు. వారంలో నడుం నొప్పి తగ్గింది, లేచి కూర్చున్నాడు. రాత్రిళ్లు ఒళ్లంతా ఆవిర్లు వచ్చి చెమటలు పట్టేవి, అమ్మ విసనకర్రతో విసిరేది. "నాకూ యాభై ఏళ్లప్పుడు ఇట్లానే ఉండేది, అప్పుడు నువ్వు విసిరావా" అని అమ్మ అంటే, ఆపరేషన్ అయ్యాక మొదటిసారి నాన్న నవ్వాడు.

నాలుగేళ్లు బతికాడు. మనవరాలి పెళ్లి చూశాడు. ఆ పెళ్లిలోనే మా బంధువొకాయన ఎవరి గురించో మాట్లాడుతూ ఆ 'కొ' మాట వాడి నవ్వాడు. నాన్న పళ్లెంలో చెయ్యి కడిగేసుకుని లేచాడు. సగం భోజనం అలాగే ఉంది.

సాలూరు_సుధ
ఇది రాసినందుకు దండం పెడుతున్నాను.

నర్సు_నాగమణి
మా వార్డులో ప్రతి నెలా చూస్తాను ఆ తువ్వాలు మడతపెట్టే చేతుల్ని. మీ అమ్మగారికి నా నమస్కారం.

చార్మినార్_చాందిని
నేను హిజ్రాని. రెండు రోజులుగా చదువుతున్నా, ఇప్పుడు రాస్తున్నా.

మొదటి మాట. పాత రాజుల నపుంసకులూ మేమూ ఒకటి కాదు. వాళ్లని పట్టుకుని కోశారు. నేను నా ఇష్టంతో నిర్వాణం తీసుకున్నా, ఆ కోతని మాలో అలా అంటాం. ఆడదానిగా బతకాలని పుట్టినప్పటి నుంచీ ఉంది నాకు. మాలో నిర్వాణం తీసుకోనివాళ్లూ ఉన్నారు, వాళ్లూ హిజ్రాలే. మా గురువు రోజుల్లో దాయమ్మ, అంటే మాలోనే ఈ పని చేసే మనిషి, చేతి మీద జరిగేది, నలభై రోజులు బయటి మొహం చూడనిచ్చేవారు కాదు. బతికితే దేవత దయ. నాది ఆసుపత్రిలో జరిగింది, కుట్లు సరిగా పడక ఇప్పటికీ మూత్రం సమస్య ఉంది.

రెండో మాట. మేం పిల్లల్ని ఎత్తుకుపోయి కోస్తామని ఇప్పటికీ అంటారు. మీ ఇళ్లల్లో అన్నం తినకపోతే మా పేరు చెప్పి భయపెడతారు. నన్ను ఎవరూ ఎత్తుకుపోలేదు. పద్నాలుగేళ్లప్పుడు మా నాన్న బెల్టుతో కొట్టి గుమ్మం బయట నిలబెట్టాడు. తలుపు తీసింది మా గురువు.

కావ్యా, డాక్టర్ గారితో నీ మాట నాకు నచ్చింది.

లాయరమ్మ
చాందిని గారు చెప్పిన రెండో మాట చట్టంగా కూడా ఉండేది. 1871లో బ్రిటిష్ వాళ్లు నేరస్థ తెగల చట్టం చేసినప్పుడు అందులో ఒక భాగం మొత్తం 'యూనక్స్' మీదే. పేర్లు రిజిస్టరులో ఎక్కించాలి, చీర కట్టి వీధిలో ఆడితే పాడితే అరెస్టు, వీలునామా రాయకూడదు, దత్తత తీసుకోకూడదు.

మన నిజాం రాజ్యంలో అదే తీరులో 1329 ఫస్లీలో, అంటే 1919లో, ఇంకో చట్టం వచ్చింది. పిల్లల్ని ఎత్తుకుపోతారని అనుమానం ఉన్నవాళ్ల పేర్లూ ఇళ్లూ హైదరాబాదు నగరంలో రిజిస్టరు చేయాలి. ఆడవేషంలో కనబడితే వారెంటు లేకుండా పట్టుకోవచ్చు, రెండేళ్ల దాకా జైలు. నిజాం పోయాడు, రాష్ట్రాలు మారాయి, ఆ చట్టం మాత్రం పుస్తకంలో అలాగే ఉంది. 2014లో సుప్రీంకోర్టు నల్సా తీర్పులో మూడో జెండర్‌ని గుర్తించిన తర్వాత కూడా ఉంది. 2018లో ట్రాన్స్ ఉద్యమకారులే హైకోర్టుకి వెళ్లారు. 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది.

ఇంకోటి. 2024 దాకా అమల్లో ఉన్న ఐపీసీలో, అంటే భారత శిక్షాస్మృతిలో, తీవ్రగాయం అంటే ఏమిటో చెప్పిన సెక్షన్ 320లో మొట్టమొదటి అంశం మగతనాన్ని తీసేయడమే. కన్ను పోవడం దాని తర్వాతే వచ్చేది. ఒకే సర్కారు ఆ గాయాన్ని పెద్ద నేరమని 1860లో రాసింది, ఆ గాయం ఉన్నవాళ్లని పదకొండేళ్లకి అనుమానితులుగా రిజిస్టరులో ఎక్కించింది.

రాతికోట
ఓరుగల్లు కోడలు గారు మొదటి రోజు అడిగిందీ అదే.

చార్మినార్_చాందిని
ఆ తీర్పు వచ్చిన రోజు మా ఇంట్లో మిఠాయి పంచాం. మా నాని, అంటే మా గురువుకి గురువు, "ఏ చట్టం బేటా? మనల్ని పట్టుకోవడానికి వాళ్లకి చట్టం ఎప్పుడు కావాల్సొచ్చింది?" అంది. లడ్డూ మాత్రం రెండు తిన్నది.

గోదారిగట్టు
చాందిని గారూ, మిమ్మల్ని ఏమని పిలవాలి? మర్యాదగా అడుగుతున్నా.

చార్మినార్_చాందిని
చాందిని అని. నీకంటే పెద్దదాన్నైతే అక్కా అను. కాలేజీలో ఏడిపించిన ఆ అబ్బాయి దొరికితే వాడి పేరుతో పిలువు, చాలు.

ఓరుగల్లు_కోడలు
ఈ ఆదివారం మళ్లీ వెళ్లాను, మేనల్లుణ్ణి తీసుకుని. దారిలో వాడికి కర్పూరం సంగతి చెప్పాను, చైనా పిల్లాడి సంగతి కొంచెం తగ్గించి చెప్పాను. "అప్పుడు వాళ్లమ్మ ఎక్కడుంది?" అని అడిగాడు. బీజింగ్ తమ్ముడూ, తల్లి గురించి నువ్వు రాయలేదు, నేనేం చెప్పను? ఇంట్లోనే ఉండి ఉంటుంది అన్నాను.

ఆ గైడు అక్కడే ఉన్నాడు. జనం వెళ్లాక పక్కకి పిలిచి మాట్లాడాను. గొడవ పెట్టుకోవడానికి వచ్చానేమో అని మొదట టెన్షన్ పడ్డాడు. కాఫుర్ అంటే కర్పూరమని, బానిసలకి అలాంటి పేర్లు పెట్టేవారని చెబితే పెన్ను తీసి అరచేతి మీద రాసుకున్నాడు. ఖ్వాజా సంగతి కూడా చెప్పాను.

చార్మినార్_చాందిని
తర్వాత గుంపుకి ఏం చెప్పాడు?

ఓరుగల్లు_కోడలు
నిలబడి విన్నాను. కాఫుర్ పేరు దగ్గరికి రాగానే అరచెయ్యి చూసుకున్నాడు. "ఇతన్ని బానిసగా పట్టుకొచ్చి కర్పూరం అని పేరు పెట్టారు" అన్నాడు. నపుంసకుడు అని కూడా అన్నాడు, కన్ను గీటలేదు. వెనకాల ఒకతను మాత్రం "కొజ్జా అన్నమాట" అని నవ్వాడు. పక్కవాళ్లు ఇద్దరు నవ్వారు. మావాడు నవ్వలేదు, వాళ్ల వైపు తిరిగి చూశాడు.